ఆకు మీద వెండి గీత

వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో గొంగళిపురుగుకి ఒకటే ఉద్యోగం. గూడు కట్టుకోవాలి, ఓపిక పట్టాలి, చివరికి రంగురంగుల సీతాకోకచిలుకై ఎగిరిపోవాలి. చదివినవాళ్లు కళ్లు తుడుచుకోవాలి. ఆ కథ రాసినవాళ్లలో ఎంతమంది పెరట్లో నిమ్మచెట్టు ఉందో నాకు అనుమానమే. నిమ్మచెట్టు ఉన్నవాళ్లకి తెలిసిన పురుగు వేరు. అది రెక్కలు తొడిగినా ఎవరి కంటా పడదు, ఎవరికీ స్ఫూర్తినివ్వదు. మనకి కనిపించేదల్లా లేత ఆకు మీద అది తిని వదిలేసిన వంకరటింకర వెండి గీత. ఆ గీత చూసిన మరుక్షణం నుంచి మనం ఏమేం చేస్తామన్నదే ఈ అధ్యాయంలో విషయం.

దేవరాపల్లి వైపు ఊళ్లు చెరకు ఊళ్లు, వరి ఊళ్లు. శారదా నది మీద కట్టిన రైవాడ జలాశయం అక్కడే ఉంది. పాత లెక్కలో విశాఖ జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. పొలంలో ఏ పంట ఉన్నా ఇంటి వెనక నూతి దగ్గరో, గిన్నెలు తోమిన నీళ్లు పోయే చోటో ఒక నిమ్మచెట్టు ఉంటుంది. దాన్ని ఎవరూ పంటగా లెక్కపెట్టరు. పులిహోరకి నాలుగు కాయలు, ఎండాకాలం మజ్జిగలోకి ఒక బద్ద, చుట్టాలొస్తే ఒక సంచి. అందుకే దానికి ఏదైనా అయితే ఇంట్లో మనిషికి జబ్బు చేసినట్టే ఉంటుంది. మనసు గాభరా పడుతుంది, చెయ్యి ఊరుకోదు.

ఒక ఇంటిని ఊహించుకోండి. జూన్ చివర, రెండు మంచి వానలు పడ్డాయి. నిమ్మ నిండా లేత చిగుళ్లు. వారం తిరిగేసరికి ఆ చిగురాకులన్నీ ముడుచుకుని, నత్త పాకినట్టు మెరిసే గీతలతో ఉన్నాయి.

"ఏటే అమ్మా, నిమ్మసెట్టుకి ఏటైపోనాది? ఆకులన్నీ ముడుసుకుపోనాయి," అంటుంది అత్తగారు.

"మొన్న ఎవరో వచ్చి ఎంత బాగా సిగురేసిందో అన్నారత్తా. దిష్టి కాబోలు," అంటుంది కోడలు.

సాయంత్రానికి మూడు పనులు అయిపోతాయి. కాలేజీ కుర్రాడు కత్తెర తెచ్చి ముడుచుకున్న కొమ్మలన్నీ కత్తిరిస్తాడు. మామగారు నీరసపడింది కాబోలని మొదట్లో గుప్పెడు యూరియా చల్లుతారు. పక్కింటాయన చెరకు తోటకి తెచ్చి మిగిలిన మందు సీసా పట్టుకొచ్చి, మొత్తం చెట్టు తడిసేలా కొట్టి వెళతాడు. ముగ్గురివీ మంచి మనసులే. ముగ్గురూ చెట్టుకి మేలు చెయ్యలేదు. ఇద్దరు పురుగుకి మేలు చేశారు, మూడో ఆయన ఆ నిమ్మకాయలు తినే ఇంటిల్లిపాదికీ కీడు చేశాడు.

ఎందుకో తెలియాలంటే పురుగు బతుకు కాస్త తెలియాలి. ఇదో చిన్న రెక్కల పురుగు, దీపం చుట్టూ తిరిగే జాతికి చెందింది. తెల్లటి వెండి మెరుపు, రెక్కల కొసన ఒక్కో నల్ల చుక్క. రెక్కలు చాపినా నాలుగైదు మిల్లీమీటర్లకి మించదు. శాస్త్రజ్ఞులు దీన్ని ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా అంటారు. కలకత్తాలో దొరికిన పురుగులను చూసి 1856లో స్టెయిన్టన్ అనే ఇంగ్లీషు కీటక శాస్త్రజ్ఞుడు ఆ పేరు పెట్టాడు. అంటే ఇది మన గడ్డకి కొత్తగా వచ్చిన చుట్టం కాదు. నిమ్మ, బత్తాయి, నారింజ ఉన్న పెరడు ఏదైనా దానికి సొంత ఇల్లే.

సాయంత్రం దాటాక తల్లి పురుగు లేత ఆకు మీద, ఎక్కువగా అడుగు వైపున, ఒక్కో గుడ్డు పెడుతుంది. ముదురు ఆకు జోలికి పోదు. గుడ్డు పగలగానే పిల్ల పురుగు నేరుగా ఆకు పై పొర కిందికి దూరిపోతుంది. ఆ పొర ఉల్లిపొర కంటే పల్చన. దాని కింద పడుకుని కణాలను చీల్చి రసం తాగుతూ ముందుకు పోతుంది. అలా ఖాళీ అయిన చోట గాలి చేరి పొర వెండిలా మెరుస్తుంది. దారి మధ్యలో సన్నగా కనిపించే నల్ల గీత దాని మలం. కడుపు నిండాక ఆకు అంచుకి చేరి, పట్టుదారంతో అంచుని లోపలికి మడిచి, ఆ మడతలో గూడు కట్టుకుంటుంది. ఆకు ముడుచుకునేది ఇందుకే. గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా వేడి రోజుల్లో రెండు వారాలు చాలు, చలి ప్రాంతాల్లో ఏడు వారాలు కూడా పట్టొచ్చు. రెక్కలొచ్చాక బతికేది కొద్ది రోజులే.

ఇప్పుడు ఆ సాయంత్రం పనులు ఒక్కొక్కటీ చూద్దాం. నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది కత్తెర.

గీతలు పడ్డ ఆకు చచ్చిన ఆకు కాదు. పురుగు తిన్నది పై పొరని. గీత తగలని పచ్చటి భాగం ఎండని పట్టి చెట్టుకి అన్నం వండుతూనే ఉంటుంది. చూడ్డానికి అసహ్యంగా ఉందని దాన్ని కత్తిరించేస్తే పని చేస్తున్న ఆకుని పోగొట్టుకున్నట్టు. పైగా కొమ్మ కొస కత్తిరించగానే చెట్టు ఏం చేస్తుంది? కత్తిరించిన చోట కింది కణుపుల నుంచి కొత్త చిగుళ్లు వేస్తుంది. ఆ లేత చిగురే తల్లి పురుగు వెతుక్కునేది. నాలుగు రోజుల్లో చిగురు ముదిరిపోవాల్సిన చెట్టుకి మళ్లీ లేత ఆకులు పుట్టించి, ఒక్క విడతతో పోయే బాధని మూడు విడతలు చేసుకున్నాం. యూరియా చేసేదీ అదే, ఇంకాస్త జోరుగా. నత్రజని పడితే చెట్టు ఆగకుండా చిగురు వేస్తుంది. మామగారు చెట్టుకి తిండి పెట్టాననుకున్నారు, నిజానికి విస్తరి వేసింది పురుగుకి.

ఇక సీసా. మందు పడేది ఆకు మీద, పురుగు ఉండేది ఆకు పొర కింద. ఆకుకి అంటుకుని ఆగిపోయే మందు దాన్ని తాకనే తాకదు. అది తాకేది ఆకు మీద తిరిగేవాటిని. ఆ తిరిగేవాటిలో మనకి కావలసినవాళ్లు ఉన్నారు. గండుచీమ తలకాయంత కూడా లేని కందిరీగ జాతులు కొన్ని, ఆకు పొర కిందున్న పురుగుని బయట నుంచే పసిగట్టి, దాని మీదో లోపలో గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు పురుగుని తిని బతుకుతాయి. మన పెరళ్లలో ఈ కాపలా ఎవరూ పెట్టింది కాదు, పురుగుతో పాటే తరతరాలుగా ఉన్నది. సీసా మందు వాటిని తుడిచేస్తుంది. చెరకు కోసం తెచ్చిన మందుని రోజూ కోసుకు తినే చెట్టు మీద కొట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

ఆ కాపలా లేకపోతే ఏమవుతుందో తెలియాలంటే అమెరికా దాకా వెళ్లాలి. 1993లో ఈ పురుగు దక్షిణ ఫ్లోరిడాలో బయటపడింది. ఏడాది తిరక్కుండా ఆ రాష్ట్రంలోని నారింజ తోటలన్నిటికీ పాకింది. పురుగు వచ్చింది గానీ దాన్ని తినే కందిరీగలు వెంట రాలేదు. స్థానికంగా ఉన్న కొన్ని జాతులు దాని మీద పడ్డాయి గానీ, అవి సరిపోలేదు. మందులు కొట్టారు, మళ్లీ చిగురొచ్చింది, మళ్లీ పురుగొచ్చింది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో మార్జొరీ హోయ్ అనే కీటక శాస్త్రవేత్త బృందం 1994లో ఆస్ట్రేలియా నుంచి అజెనియాస్పిస్ సిట్రికోలా అనే కందిరీగని తెప్పించి తోటల్లో వదిలింది. ఆస్ట్రేలియా వాళ్లు దాన్ని అంతకుముందే థాయిలాండ్ నుంచి తెచ్చుకున్నారు. దాని తీరు విచిత్రం. అది పెట్టిన ఒక్క గుడ్డే పురుగు ఒంట్లో పలు పిల్లలుగా విడిపోతుంది. అది ఫ్లోరిడాలో నిలదొక్కుకుంది. ఇంత దూరం నుంచి, ఇంత ఖర్చుతో వాళ్లు తెచ్చుకున్నటువంటి సాయం మన నూతిగట్టు పక్కన ఉత్తినే ఉంది. దాన్ని మనం లెక్కలోకే తీసుకోం. సాయం ఎవరు చేస్తున్నారో చూడకుండా ఇంకో సాయాన్ని పిలవడం మన ఇళ్లలో చెట్లకే పరిమితం కాదు, ఆ మాటకొస్తే.

ఇక్కడే నాకు ఒక చిత్రం కనిపిస్తుంది. చెరకు ఊరివాళ్లకి పురుగుని చూసి గాభరా పడకపోవడం చేతకాని విద్య కాదు. చెరకుకి పీక పురుగని ఒకటుంది, అదీ ఇలాంటి రెక్కల పురుగు పిల్లే. లేత మొక్క మొవ్వు తినేసి ఎండబెడుతుంది. మొవ్వు లాగితే చేతిలోకి వచ్చేస్తుంది. చూస్తే గుండె జారిపోవాలి. కానీ తెలిసిన రైతు ముందు తోట వయసెంతో అడుగుతాడు. నాటి నెలా రెండు నెలలే అయితే పక్క పిలకలు చాలా మటుకు ఆ లోటు పూడుస్తాయని అతనికి తెలుసు. తడి ఆరనివ్వడు, చెత్త కప్పుతాడు, మొదట్లో కాస్త మట్టి ఎగదోస్తాడు. పురుగు గుడ్లనే తినే ట్రైకోగ్రామా కార్డులు ఆకులకి కుట్టిస్తాడు. 1913 నుంచీ చెరకు మీద పరిశోధన చేస్తున్న కేంద్రం అనకాపల్లిలోనే ఉన్న ప్రాంతమాయె, ఈ లెక్కలు రచ్చబండ దాకా వచ్చాయి. అదే రైతు ఇంటికొచ్చి నిమ్మచెట్టు ముందు నిలబడితే ఆ లెక్కంతా మర్చిపోతాడు. పొలంలో వయసు అడిగినవాడు పెరట్లో అడగడు. మనకి ప్రేమ ఎక్కువైన చోటే లెక్క తప్పుతుందని నేను అనుకుంటాను.

నిమ్మకి కూడా అడగాల్సింది అదే, వయసు. నాలుగేళ్లు దాటిన చెట్టుకి ఈ గీతల వల్ల ఎదుగుదలలో గానీ కాపులో గానీ చెప్పుకోదగ్గ నష్టం ఉండదు. ఆకులు వికారంగా ఉంటాయి, అంతే. మీ చెట్టు ఇప్పటికే కాయలు కాస్తూ, గొడుగంత విస్తరించి ఉంటే చెయ్యవలసిన మొదటి పని చేతులు వెనక్కి పెట్టుకోవడం.

నాలుగేళ్ల లోపు మొక్క అయితే సంగతి వేరు. దానికి ఉన్న ఆకులే తక్కువ, అందులో లేతవే ఎక్కువ. చిగురు వచ్చినప్పుడల్లా పురుగు పడితే చచ్చిపోవడం అరుదు గానీ ఎదుగుదల కుంటుపడుతుంది. అలాంటి మొక్కకి చిగురు గోరంత ఉన్నప్పుడే, ఇంకా గీత పడకముందే, లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్లలో కలవడానికి కాస్త సబ్బునీళ్లు చేర్చి, సాయంత్రం వేళ చిగురాకుల రెండు వైపులా తడిసేలా కొట్టండి. వారం పది రోజులకి మళ్లీ ఒకసారి. ఆకు ముదిరి ముట్టుకుంటే గట్టిగా తగిలాక ఆపేయండి. వేపనూనె బదులు దంచిన వేపగింజల కషాయం వాడేవాళ్లూ ఉన్నారు, అదీ మంచిదే. గీతలు పడిపోయాక కొట్టే వేపనూనె ఆ ఆకుకి పనికిరాదు, రాబోయే ఆకుకి పనికొస్తుంది. ఇది అందరూ తలకిందులుగా చేసే పని. జబ్బు కనపడ్డాక మందు అనుకుంటాం, ఇక్కడ మాత్రం మందు కొట్టే రోజున చెట్టు నిగనిగలాడుతూ ఉండాలి.

ఎరువు మానమనడం లేదు. చిగురు మీద పురుగు ఉధృతంగా ఉన్నప్పుడు నత్రజని వెయ్యొద్దు, అంతే. పశువుల ఎరువు వేస్తే నిదానంగా అందుతుంది, చెట్టు ఒక్కసారిగా పొంగదు. కొమ్మలు కత్తిరించే పని కూడా ఏడాదికి ఒక్కసారి పెట్టుకోండి, అప్పుడు చిగురంతా ఒక్క విడతగా వచ్చి ఒక్క విడతగా ముదురుతుంది. చెట్టు మొదట్లోంచి నిటారుగా, ముళ్లతో, బాణంలా పైకి దూసుకొచ్చే నీటి కొమ్మలు మాత్రం ఎప్పుడు కనపడినా తీసెయ్యండి. అవి కాయవు, ఏడాది పొడుగునా లేతగా ఉండి పురుగుకి విడిది ఇస్తాయి.

ఒక్క విషయంలో మాత్రం గీతని తేలిగ్గా తీసుకోకూడదు. ఉత్తరాంధ్ర వానలు తెలుసుగా, జూన్‌లో మొదలై అక్టోబరు, నవంబరు తుఫాన్ల దాకా ఆకులు తడి ఆరవు. పురుగు చీల్చిన పొర ఆకుకి పుండు లాంటిది. ఆ పుండు లోంచి గజ్జి తెగులు బాక్టీరియా దూరుతుంది. నిమ్మకి ఈ తెగులంటే మహా అలుసు. ఆకు మీద, రెమ్మ మీద, చివరికి కాయ మీద కూడా గరుకుగా ఉబ్బెత్తు మచ్చలు, ఆకు మీద వాటి చుట్టూ పసుపు వలయం కనిపిస్తే అది గజ్జి. అప్పుడు కత్తెర తియ్యాల్సిందే. గజ్జి పట్టిన రెమ్మలు పొడి రోజు చూసి కత్తిరించి కాల్చెయ్యండి. తర్వాత లీటరుకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి కొట్టండి. వాన చినుకు తగిలి చిమ్మిన నీళ్లతోనే ఈ తెగులు ఎక్కువగా పాకుతుంది, తడి చెట్టుని ముట్టుకోకపోతే సగం రక్షణ.

చూశారా, ఒకే చెట్టు, ఒకే కత్తెర. వెండి గీతకి తియ్యకూడదు, గజ్జి మచ్చకి తియ్యాలి. రెండిట్లో ఏది ఎక్కువ భయపెడుతుందో అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది వెండి గీత అంటారు. అది చెట్టంతా పరుచుకుంటుంది, ముడుచుకుంటుంది, మెరుస్తుంది. గజ్జి మచ్చ మొదట కందిగింజంత కూడా ఉండదు. ఈ పుస్తకం చదువుతున్న మీకు నేను చెప్పదలచింది ఈ తేడా. కంటికి పెద్దగా కనిపించే నష్టం ఒకటి, లోపల పెద్దగా చేసే నష్టం ఇంకోటి. కంగారు మొదటిదాని వెంట పరిగెడుతుంది.

ఇంటర్ చదివే కొడుకు ఒక పరీక్షలో మార్కులు తగ్గించుకొచ్చాడనుకోండి. నిమ్మచెట్టుకి చేసిన మూడు పనులే అతనికీ చేస్తాం. సాయంత్రం బంతాట కత్తిరిస్తాం, ఇంకో ట్యూషన్ చల్లుతాం, బాబాయిని పిలిపించి నాలుగు తిట్లు కొట్టిస్తాం. ఆ బంతాట దగ్గరే అతనికి లెక్కలు చెప్పే స్నేహితుడు ఉండొచ్చు. ఆ తిట్లకి ముందుగా దూరమయ్యేది అంతవరకూ అన్నీ చెప్పుకునే అక్క కావచ్చు. తగ్గిన మార్కు వెండి గీతో గజ్జి మచ్చో ఎవరూ అడగరు. మనిషి చెట్టు కాదు, ఈ పోలికని మరీ లాగకూడదు. ఊరుకోవడమే జ్ఞానమని చెప్పడం కూడా నా ఉద్దేశం కాదు. రెండేళ్ల మొక్కని ఊరికే వదిలేస్తే అది అశ్రద్ధే. నేననేదల్లా, చెయ్యి కదిలేముందు వయసు అడగండి, గీత ఎక్కడుందో అడగండి, ఇప్పటికే ఎవరు పని చేస్తున్నారో చూడండి.

దీనికి అభ్యాసం కావాలి, అది నిమ్మచెట్టు దగ్గరైతే చవగ్గా దొరుకుతుంది. ఈసారి చిగురు వేసినప్పుడు, వానల తొలి చిగురైనా సెప్టెంబరు అక్టోబరు చిగురైనా మాఘం చిగురైనా, నాలుగైదు కొమ్మలకి రంగు దారం కట్టండి. వాటికి ఏమీ చెయ్యకండి. రెండు రోజులకొకసారి ఉదయం ఆ కొమ్మల ఆకులు తిరగేసి అడుగు వైపు చూడండి, ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. గీత కొసన పసుపుపచ్చగా, పారదర్శకంగా పురుగు కనిపిస్తుంది. కొన్ని గీతలు సగంలో ఆగిపోయి, లోపల పురుగు నల్లబడి ఉంటుంది. అక్కడికి కందిరీగో ఇంకో వేటగాడో వచ్చి వెళ్లాడని అర్థం. మొత్తం గీతలెన్ని, అలా ఆగిపోయినవెన్ని అని ఒక పాత నోటు పుస్తకంలో రాసుకోండి. ఏమీ చెయ్యకుండా చూడ్డం మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది, చెయ్యి దురద పెడుతుంది. ఆ దురదే మనం గమనించాల్సింది.

చూస్తున్నప్పుడు ఆకు ముడుచుకుని, గీత మాత్రం లేకపోతే అది ఈ పురుగు పని కాదు. చిగురు అడుగున గుంపుగా చిన్న పురుగులు, జిగురు, చీమల బారు ఉంటే పేనుబంక. ఆకు అంచు నుంచి కొరికినట్టు మాయమైపోతుంటే, పక్షి రెట్టలా తెల్లగా నల్లగా ఉన్న గొంగళిపురుగు కోసం వెతకండి. కదిపితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన కొడుతుంది. అది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల, ఏరి పారేస్తే చాలు. పుస్తకాల్లో కన్నీళ్లు పెట్టించేది ఆ జాతే.

ఇంత చూశాక కూడా మందు కావాలనిపిస్తే, దుకాణానికి వెళ్లేముందు ముడుచుకున్న రెమ్మ ఒకటి, గట్టి ఆకుల రెమ్మ ఒకటి ప్లాస్టిక్ సంచిలో వేసుకోండి. దుకాణం కంటే ముందు మీ ఊరి రైతు సేవా కేంద్రంలో చూపించండి. చెట్టు వయసు, చిగురు ఎప్పుడు వేసింది, పూత ఉందా, ఇంటికి వాడుకునే కాయలున్నాయా అన్నవి మీరే ముందు చెప్పండి. కొట్టాక ఎన్ని రోజులకి కాయ కొయ్యవచ్చని తప్పక అడగండి. వేర్ల ద్వారా ఎక్కే మందు ఇస్తామంటే పూత సమయంలో వద్దనండి, తేనెటీగలు పోతాయి. "అన్నిటికీ పని చేస్తుంది" అని ఇచ్చే సీసా అయితే డబ్బు జేబులోనే ఉంచుకుని ఇంటికి వచ్చెయ్యండి.